ఆయన కర్ణుడు, నేను గచ్చచెట్టునా?

గోదావరి జిల్లా నుంచి ఒక సోదరి పద్నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. కుదించి చెబుతున్నాను.

ఆమెకు 43 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 14,000. భర్త ఉద్యోగి, చేతికొచ్చేది 60,000 పైచిలుకు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, అబ్బాయి తొమ్మిదో తరగతి. పెళ్లయి పంతొమ్మిదేళ్లు. ఆయన తాగరు, పేకాడరు, భార్యను గట్టిగా ఒక్క మాట అనరు. ఎవరు ఏమడిగినా లేదనరు. ఆమె కష్టమంతా ఈ చివరి మాటలోనే ఉంది.

ఏడేళ్లుగా ఆయన ఎవరికి ఎంతిచ్చారో ఆమె ఒక డైరీ వెనక పేజీల్లో రాసుకుంటూ వచ్చారు. పదకొండు పేర్లు, 13 లక్షల 40 వేలు. తిరిగొచ్చింది 35 వేలు. తోటి ఉద్యోగి పాడుకున్న చిట్టీకి ఈయన జామీను సంతకం పెడితే, ఆ మనిషి కట్టడం మానేశాడు. 14 నెలలుగా నెలకు 9,500 ఈయన జీతంలోంచి పోతోంది. పినతండ్రి కొడుకు కొట్టు పెట్టుకుంటానంటే ఆమె పుట్టింటివాళ్లు పెట్టిన నాలుగు గాజులు, ఆరు కాసులవి, తాకట్టుకెళ్లి 2 లక్షల 20 వేలయ్యాయి. గుళ్లో అన్నదానానికి 1,00,116 రాయించి, రాయించాక ఇంటికొచ్చి చెప్పారు. ఆఫీసులో అటెండరు కూతురి ఆపరేషనుకు 40,000 ఇచ్చారు. మిగిలిన ఆరుగురూ చేబదులు పట్టుకెళ్లినవాళ్లే. గుళ్లో రాయించిన నెలలోనే అమ్మాయి కాలేజీ ఫీజుకి గడువు దాటిపోయింది. ఆమె మెడలో గొలుసు తీసి కట్టారు.

మొన్న మాఘమాసంలో ఆడపడుచు గృహప్రవేశం. ఈయన 50,000 చదివించారు. పందిట్లో ఆ ఆడపడుచు పదిమందిలో అందట: “మా అన్నయ్య చేతికి ఎముక లేదండీ. మా వదిన చేతికే రెండేసి ఎముకలు.” పక్కనున్న మేనమామగారు అందుకుని, కల్పవృక్షం కింద ముళ్ల గచ్చచెట్టు ఉందన్న వేమన పద్యం ఎత్తుకున్నారట. అందరూ నవ్వారు. భర్త తల దించుకుని చిన్నగా నవ్వారు. ఆ నవ్వు దగ్గర ఆమెకు గుండె తెగింది.

ఆయన వైపు మాట కూడా ఆమె దాచలేదు. తండ్రి చిన్నతనంలోనే పోతే, వీధి చివర కిరాణా కొట్టాయన రెండేళ్లు హాస్టలు ఫీజు కట్టారు. లెక్కల మాస్టారు పుస్తకాలు కొనిచ్చారు. “నేను పదిమంది పెడితే పెరిగినవాణ్ణి. డొక్కా సీతమ్మగారు బతికిన నేల ఇది. లేదనడానికి నాకు నోరు రాదు” అంటారట.

ఆమె అడిగింది ఇది: “ఆయన్ని పొగడడానికి బోలెడు మాటలున్నాయి. నన్ను తిట్టడానికీ ఉన్నాయి. ఆయన చేస్తున్నదానికి మాత్రం నాకు మాట దొరకడం లేదు. దుబారా అందామంటే తన ఒంటికి చొక్కా కూడా కొనుక్కోరు. మంచితనం అందామంటే నా పిల్లలు ఇబ్బంది పడుతున్నారు. మా అమ్మాయి మొన్న అడిగింది, నాన్న మంచోడా, చేతగానోడా అని. ఏం చెప్పను?”

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదట డబ్బు కష్టం అనుకున్నాను. రెండోసారి చదివితే గానీ మీరు అడుగుతున్నది ఒక మాట అని తట్టలేదు. అందుకని ముందు మాటల దగ్గరే కూర్చుందాం. దారులు తర్వాత చూద్దాం.

ఇచ్చేవాడికి మన భాషలో ఎన్ని పేర్లో చూడండి. దాత, త్యాగి, ఉదారుడు, వదాన్యుడు, వితరణశీలి. అచ్చతెలుగులో ఈవి, ఈగి అన్న చక్కటి మాటలున్నాయి. పురాణాల నుంచి కర్ణుడు, శిబి, బలి, రంతిదేవుడు వచ్చి మన ఇళ్లలో కూర్చున్నారు. మాటల్లో ‘చేతికి ఎముక లేదు’, ‘దొడ్డ మనసు’ అంటాం. బడికి బీరువా కొనిచ్చినా మర్నాడు పేపర్లో ‘ఔదార్యం చాటుకున్నారు’ అని పడుతుంది. ఈ మాటలన్నీ ఇచ్చిన చేతిని మాత్రమే చూస్తాయి. ఎంత ఇచ్చాడు, ఎవరిది ఇచ్చాడు, ఇచ్చాక ఇంట్లో ఏం మిగిలింది అని ఇందులో ఒక్క మాటా అడగదు.

మరి హద్దు దాటిన ఇవ్వడానికి తెలుగులో మాటే లేదా? ఉంది, చాలా పదునైనవే ఉన్నాయి. ప్రభుత్వ భూమి కారుచౌకగా ఎవరికో వెళ్లిపోతే ‘ధారాదత్తం చేశారు’ అని రాస్తారు. పదవులు పంచితే ‘పందేరం’. ఖజానా సొమ్ము లెక్కాపత్రం లేకుండా పంచితే ‘పప్పుబెల్లాల్లా పంచేశారు’ అంటాం. ఏమీ పుచ్చుకోకుండా ఊరికే ఇచ్చేస్తే ‘అప్పనంగా’ అంటాం. వీటిలో ధారాదత్తం అన్న మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతుంటాను. అది ఎంతో పవిత్రమైన మాట. దానం ఇచ్చేటప్పుడు చేతిలో నీళ్లు ధారగా వదిలి ‘ఇక ఇది నాది కాదు’ అనడం నుంచి పుట్టింది. ధారపోయడం అన్నా అదే. ఆ మాటే పేపర్లో తిట్టుగా ఎందుకు మారింది? ఇస్తున్నది ఇచ్చేవాడి సొంతం కాదు గనక. సొమ్ము ఊరిదైతే మనకు వెంటనే తెలిసిపోతోంది. సొమ్ము ఇంటిదైతే తెలియడం లేదు. ఇంట్లో ఉన్నదంతా ఇంటాయనదే అన్న పాత లెక్క మన మాటల్లో ఇంకా అలాగే ఉండిపోయింది. అందుకే మీ గాజులు తాకట్టుకెళ్లినా ఆయన కర్ణుడయ్యారు.

ఇంకో సంగతి కూడా గమనించండి. మగవాడు అక్కచెల్లెళ్లకు పెడితే ‘పెట్టే చెయ్యి’. ఆడది తన తమ్ముడికి ఐదువేలు పంపితే ‘పుట్టింటికి దోచిపెడుతోంది’. చేసిన పని ఒకటే, మాట మారిపోయింది. ఇవ్వకుండా ఆపినా అంతే. ‘పీనాసి’, ‘ఎంగిలి చేత్తో కాకిని తోలదు’ అన్న మాటలు ఇంట్లో ఆడవాళ్ల మీదే ముందు పడతాయి. ఆ మేనమామగారు ఎత్తుకున్న పద్యం ఇచ్చేవాడి పక్కన చేరి ఈవిని సాగనివ్వని మనిషి గురించి. పక్కన కూర్చున్నవాడికి అక్కడ పోయేదేమీ లేదు. మీకు గాజులు పోయాయి, గొలుసు పోయింది. ఆ పద్యం మీకు వర్తించదు. మీరు దాన్ని మనసులో మోయనక్కర్లేదు.

మన పెద్దవాళ్లు అతి దానం గురించి ఆలోచించకుండా వదల్లేదు. ‘తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం’ అన్నారు. తన బతుకుదెరువే పోయేట్టు చేసే ధర్మం, అసలే పోయిన వ్యాపారం అని. అయితే ఈ సామెతను మనం ఇల్లు గుల్లయ్యాకే వాడతాం. ఇస్తున్నన్నాళ్లూ కర్ణుడు, మునిగాక తనకు మాలిన ధర్మం. ఈ రెండు మాటలకూ మధ్య ఉన్న ఏళ్లలో భార్య ఒక్కతే ఏ మాటా లేకుండా నిలబడుతుంది. మీరు ఇప్పుడున్నది అక్కడే.

మా తాతగారు అలాంటి మనిషే. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా బియ్యం బస్తాలు మా ఇంటి నుంచి వెళ్లేవి. పొలం ముక్కలు ముక్కలుగా పోయింది. ఆఖరి పదేళ్లు మా నాయనమ్మ విస్తళ్లు కుట్టి ఇల్లు నడిపింది. ఇప్పటికీ ఆ ఊరికెళితే ముసలివాళ్లు తాతగారి పేరు చెప్పి చేతులెత్తి దణ్ణం పెడతారు. విస్తళ్లు కుట్టిన మనిషి పేరేమిటని ఒకసారి అడిగాను. ఎవరికీ గుర్తు లేదు. తాతగారంటే నాకు ఇప్పటికీ ప్రాణం. అయినా ఆ రోజు బస్సులో ఏడుస్తూ వచ్చాను. అందుకే మీ ఉత్తరాన్ని దులిపేసుకోలేకపోయాను.

ఇక కర్ణుడు, బలి అన్న పోలికల సంగతి. మీవారు వీటిని గౌరవించే మనిషిలా కనిపిస్తున్నారు కాబట్టి అక్కడినుంచే మాట్లాడవచ్చు. కర్ణుడు ఇచ్చింది తన ఒంటి మీది కవచం, తన కుండలాలు. శిబి కోసి ఇచ్చింది తన మాంసం. బలి దానమిచ్చే వేళ కాళ్లు కడగడానికి నీళ్లు తెచ్చింది భార్య వింధ్యావళి. ఆమెకు తెలియకుండా ఏదీ జరగలేదు. ఆ కథలోనే శుక్రాచార్యుడు ఒక మాట చెప్పాడు. సంపదను ధర్మానికి, కీర్తికి, మళ్లీ సంపాదించడానికి, తన సుఖానికి, తనవాళ్లకు అని ఐదు పాళ్లు చేసుకోవాలని, బతుకుదెరువును చెడగొట్టే దానాన్ని పెద్దలు మెచ్చరని. బలి వినలేదు, వినలేదు కాబట్టే గొప్పవాడయ్యాడు అని మీవారు అనవచ్చు. నిజమే. కానీ ‘అతి దానం వల్ల బలి బంధింపబడ్డాడు’ అని చెప్పి ‘అతి సర్వత్ర వర్జయేత్’ అని ముగించిన శ్లోకమూ మన పెద్దలదే.

నాకు వీటన్నిటికంటే సక్తుప్రస్థుడి కథ దగ్గరగా అనిపిస్తుంది. భారతంలో ధర్మరాజు అశ్వమేధం ముగిశాక ముంగిస వచ్చి చెప్పే కథ. కరువులో ఆ ఇంటి నలుగురూ పేలపిండి పంచుకుని తినబోతుంటే ఆకలితో అతిథి వచ్చాడు. ఇంటి యజమాని తన వంతు పెట్టాడు. అతిథి ఆకలి తీరలేదు. భార్య తన వంతు ఇస్తానంటే ఆయన తటపటాయించాడు. ఆకలితో ఉన్న భార్యను కాపాడుకోవలసినవాడిని, నీది ఎలా తీసుకోను అన్నాడు. ఆమె తనకు తానుగా ఒప్పించి ఇచ్చింది. తర్వాత కొడుకు, తర్వాత కోడలు. నలుగురు నాలుగుసార్లు, ఎవరి వంతు వారు ఇచ్చారు. యజమాని చెయ్యి చాచి మిగిలిన ముగ్గురి పిండీ తీసి ఇచ్చెయ్యలేదు. ఈ కథ ఒక ఆదివారం పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని ఆయన చేతే చెప్పించండి. మీరు వ్యాఖ్యానం చెయ్యకండి.

డొక్కా సీతమ్మగారి మాట ఎత్తారు కదా. లంకల గన్నవరంలో ఆ తల్లి పెట్టింది అన్నం. భర్త జోగన్నగారూ ఆవిడా ఒకే మాట మీద ఉండి, తమ పొలంలో పండింది, తన చేత్తో వండి పెట్టారు. 1909లో పోయిన మనిషిని ఇవాళ ప్రభుత్వం బడి భోజనానికి పేరు పెట్టి తలుచుకుంటోందంటే ఊరికే కాదు. ఇంకోటి, అన్నం ఒక్కటే పుచ్చుకునేవాడి చేత ‘చాలు’ అనిపిస్తుందని అంటారు. డబ్బుకు ఆ చాలు రాదు. మీ డైరీలో పదకొండు మందిలో ఎవరైనా చాలన్నారా?

ఆ డైరీ దగ్గరికే వద్దాం. మీరు ఆ పదకొండు పేర్లనూ ఒకే కుప్పగా, ‘ఇచ్చినవి’ అని రాశారు. నాకు అందులో ఐదారు వేరువేరు పనులు కనిపిస్తున్నాయి.

అటెండరు కూతురి ఆపరేషనుకు ఇచ్చిన 40,000 దానం. ఆ మాట దానికి పూర్తిగా తగుతుంది. దాన్ని మీరు కూడా మనస్ఫూర్తిగా మెచ్చుకోండి, ఆయన వినేట్టు మెచ్చుకోండి. ఆరుగురు పట్టుకెళ్లిన దాదాపు ఎనిమిది లక్షలు చేబదులు. తిరిగి ఇస్తామని తీసుకెళ్లినవి. అడగకుండా ఊరుకోవడం వల్ల అవి దానాలైపోవు. చిట్టీ సంతకం జామీను, అది ఇంకొకరి అప్పును నెత్తిన పెట్టుకోవడం. ఆడపడుచుకు చదివించిన 50,000 మొహమాటం. గుళ్లో రాయించిన దాంట్లో భక్తి ఎంతో, పలక మీద పేరెంతో ఆయనకే తెలియాలి, నేను తీర్పు చెప్పను. అయితే చెప్పకుండా రాయించడం మాత్రం తప్పే. గాజుల విషయానికి మన సామెత అచ్చంగా సరిపోతుంది: అత్తసొమ్ము అల్లుడు దానం. మీ అమ్మగారు పెట్టినవి కదా, అక్షరాలా అత్తసొమ్మే.

మీకు కావలసిన ఒక్క మాట లేదమ్మా. వేరువేరు పనులకు ఒకే మాట వెతుక్కుంటున్నారు, అందుకే దొరకలేదు. ఆయన కూడా వేరువేరు పనులను ఒక్క ‘దానం’ కింద దాచుకుంటున్నారు, అందుకే ఆయనకు తప్పు కనిపించలేదు. కొత్త నోటుపుస్తకం తీసి, ఆ పేర్లను వాటి వాటి మాటల కింద మళ్లీ రాయండి. వీలైతే ఆయన చేతే రాయించండి. ‘మీరు అంతా ఇచ్చేస్తున్నారు’ అంటే ఆయన మౌనంగా ఉంటారు. ‘ఇది చేబదులా, దానమా’ అని అడిగితే ఏదో ఒకటి చెప్పవలసి వస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏది పట్టుకోవాలో మీరే నిర్ణయించుకోవాలి. ఒక్కోదాని వెనక ఏమొస్తుందో నాకు తెలిసినంత చెబుతాను.

ఏమీ చెయ్యకుండా ఇలాగే సాగనివ్వడం ఒకటి. పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నది అదే. ఇంట్లో గొడవ ఉండదు. కానీ వచ్చే ఏడు అమ్మాయి ఇంటర్ దాటుతుంది, పై చదువు ఫీజు మొదలవుతుంది. అప్పుడు కూడా మీ మెడవైపే చూడాలి. మెడలో ఏమీ లేదు.

రెండోది, ఒక మేర పెట్టుకోవడం. ఈ మాటను కావాలనే వాడుతున్నాను. వెనక కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఊరి పనివాళ్లకు ఇచ్చే పాళ్లను మేరలు అనేవారు. అది దానం కాదు, చేసిన పనికి కూలి. ఆ కొలతల్లో కులాల వారీ అన్యాయం కూడా ఉంది, దాన్ని మంచి పద్ధతి అని నేను చెప్పను. కానీ మేర అంటే హద్దు కూడా. ఇవ్వడానికీ హద్దుకీ ఒకే మాట ఉండడం నాకు నచ్చుతుంది. నెలకు నాలుగువేలో ఐదువేలో ఆయన ఇవ్వడానికని పక్కన పెట్టండి. అది ఎవరికిచ్చారని మీరు అడగరు. అయిపోతే ఆ నెలకు అయిపోయినట్టే. దీనివల్ల ఆయన ఇచ్చే మనిషిగానే ఉంటారు, అది ఆయనకు చాలా ముఖ్యం. చిక్కేమిటంటే మొదటి మూడు నెలలు బంధువులు పరీక్ష పెడతారు. అప్పుడు ఆయన ‘మా ఆవిడ ఒప్పుకోదు’ అన్నారో, మీరు మళ్లీ గచ్చచెట్టయిపోతారు. అందుకని ముందే మాట తీసుకోండి: కాదనేటప్పుడు మీ పేరు రాకూడదు. ‘ఈ నెల నా వల్ల కాదు’ అని తన నోటితో అనాలి. లేదు అనడానికి నోరు రానివాళ్లకు ‘రెండు రోజులు ఆగి చెబుతాను’ అన్న మాట అలవాటు చేసుకోవడం తేలిక. మొహమాటం ఎదుటి మొహం కనిపిస్తున్నంతసేపే ఉంటుంది. రాత్రి ఇంటికొచ్చి పిల్లల పక్కన కూర్చున్నాక చాలావరకు తగ్గిపోతుంది.

మూడోది, డబ్బు వేరు చెయ్యడం. మీ జీతం, పిల్లల చదువుకు దాచేది మీ పేరున ఉంచి, ఇంటిఖర్చుకు ఆయన నుంచి నెలకింత అని తీసుకోవడం. పిల్లల ఫీజుకు ఇది గట్టి రక్షణ. కానీ ఆయన మనసు నొచ్చుకుంటుంది, మీ అత్తవారి వైపు మాటలు ఇంకా పెరుగుతాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇవ్వకుండా ఉండలేని మనిషికి ఇంట్లో డబ్బు అందకపోతే బయట అప్పు చేసి ఇస్తారు. అందుకని ఈ దారి పట్టేముందు ఇప్పటికే మీకు తెలియని అప్పులున్నాయేమో చూసుకోండి. ఆయన పేరున ఉన్న బ్యాంకు అప్పుల వివరాలు సిబిల్ లాంటి సంస్థల నుంచి ఏటా ఒకసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఆయనే తెప్పించుకోవాలి, మీరిద్దరూ కలిసి చూడాలి. వడ్డీవ్యాపారుల దగ్గర తెచ్చినవి అందులో కనిపించవు, అవి ఆయనే చెప్పాలి.

ఏ దారి పట్టినా జామీను సంగతి మాత్రం ఆగదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీను ఉన్నవాడి బాధ్యత అసలు అప్పు తీసుకున్నవాడి బాధ్యతంత ఉంటుంది. ముందు అతన్ని అడిగి, అతను ఇవ్వకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. చాలామంది సాక్షి సంతకంలా అనుకుని పెట్టేస్తారు, మీవారూ అలాగే పెట్టి ఉంటారు. అదే చట్టం ఇంకోటి కూడా చెబుతుంది: జామీనుగా కట్టిన డబ్బును అసలు మనిషి నుంచి రాబట్టుకునే హక్కు కట్టినవాడికి ఉంది. దానికి కట్టిన రోజు నుంచి 3 సంవత్సరాలు గడువు. 14 నెలల్లో 1,33,000 కట్టారు. జీతం చీటీలు, చిట్టీ కంపెనీ రశీదులు జాగ్రత్త చేసి, ఆ సహోద్యోగికి రాతపూర్వకంగా అడగమనండి. స్నేహం చెడుతుందని ఆయన అంటారు. నెలనెలా 9,500 ఎవరి జీతంలోంచి పోతున్నాయో తెలిసీ నోరు మెదపని మనిషి వైపునుంచి ఆ స్నేహం ఎప్పుడో చెడింది.

చేబదుళ్లకూ అంతే. ఇచ్చిన నాటినుంచి 3 సంవత్సరాలు దాటితే కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోతుంది. గడువు లోపల బాకీ ఉన్నామని సంతకం పెట్టి రాసిస్తే లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. ఆ ఆరుగురిలో గడువులో ఉన్నవాళ్లెవరో విడదీసుకోండి. మిగిలినవాళ్లవి పోయాయని మనసుకు చెప్పేసుకోవడం మేలు. అవి ఎప్పటికైనా వస్తాయన్న ఆశ మీద ఇంకో చేబదులు వెళ్లకూడదు.

గాజులు మాత్రం వదలకండి. పుట్టింటివాళ్లు పెట్టింది స్త్రీధనం. అది భార్యాభర్తల ఉమ్మడి సొత్తు కాదని, కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వడం అతని బాధ్యతేనని సుప్రీంకోర్టు 2024లో మరోసారి చెప్పింది. కోర్టుకు వెళ్లమని నేను అనడం లేదు. వెళితే గాజులు రావచ్చు, ఇల్లు మునుపటిలా ఉండదు. కానీ హక్కు మీదని తెలిసి అడగడం వేరు, బతిమాలి అడగడం వేరు. సలహా కావాలంటే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ సహాయం ఉచితం. ఒక మధ్యాహ్నం వెళ్లి మాట్లాడి వచ్చినంత మాత్రాన ఆయన మీద కేసు పెట్టినట్టు కాదు. ముందు ఆ పినతండ్రి కొడుకుతో, వడ్డీ వచ్చే నెల నుంచి తనే కట్టాలని మీవారి చేత చెప్పించండి. కొట్టు నడుస్తోందని మీరే రాశారు.

ఇంకొక్క విషయం. ఇది నాకు మీ డైరీ లెక్క రెండోసారి చూస్తున్నప్పుడు తట్టింది. పదిమంది పెడితే పెరిగానని ఆయన అంటున్నారు. ఆయనకు పెట్టినవాళ్లని మీరు చెప్పింది ఇద్దరు: కిరాణా కొట్టాయన, లెక్కల మాస్టారు. మీ పదకొండు పేర్లలో వాళ్లిద్దరి ఇళ్లూ లేవు. మాస్టారు పోయారని, కొట్టాయన భార్య మాత్రం ఆ ఊళ్లోనే ఒంటరిగా ఉన్నారని తొమ్మిదో పేజీలో రాశారు. ఆవిడ ఎప్పుడూ ఏమీ అడగలేదని కూడా రాశారు.

అంటే ఆయన ఇన్నాళ్లూ తీరుస్తున్నది ఒక ఋణం కావచ్చు. ఋణానికి మనిషి ఉంటాడు, మొత్తం ఉంటుంది, తీరడం ఉంటుంది. ఎవరికి బాకీయో చూడకుండా అడిగినవాడికల్లా కడుతూ పోతే ఆ ఋణం ఎన్నటికీ తీరదు, ఆయనకు నెమ్మదీ ఉండదు. ఆయన నిద్ర సరిగా పోరని మీరు రాసినది నాకు దీనితోనే కలుస్తోంది. మీరిద్దరూ కలిసి ఒకరోజు ఆవిడ దగ్గరికి వెళ్లి రండి. కొంగు చాచే మనిషి కాదు కాబట్టి డబ్బు కవరుతో వెళ్లకండి. మందులకు, కంటి పరీక్షకు, ఇంటి కప్పుకు ఏం కావాలో చూసి రండి. చీర మీరే ఎంచండి. నేనైతే ఆయన మేరలో మొదటి నెలది అక్కడికే వెళ్లాలని కోరుకుంటాను. ఆయన చేతిని ఇవ్వకుండా కట్టెయ్యాలన్నది మీ కోరిక కాదని ఆయనకు ఆ ప్రయాణంలో తెలియవచ్చు. తెలియకపోనూ వచ్చు. అయినా వెళ్లండి.

అమ్మాయి అడిగినదానికి ‘మీ నాన్న మంచోడే’ అని కొట్టిపారెయ్యకండి. ఆ పిల్ల ఫీజు కోసం మీ గొలుసు వెళ్లడం చూసింది. ‘చేతగానోడు’ అని కూడా ఒప్పుకోకండి. ఇవ్వడం నాన్నకు వచ్చు, లేదనడం రాదు, మేమిద్దరం ఇప్పుడు అది నేర్చుకుంటున్నాం అని చెప్పండి. ఆ నోటుపుస్తకం తన కంట పడితే దాచకండి. దానమంటే ఏమిటో, చేబదులంటే ఏమిటో, జామీను సంతకం ఎంత దూరం వెళుతుందో పదిహేడేళ్లకే తెలియడం తనకు మంచిది.

ఆడపడుచు మాటకు జవాబు మీరు చెప్పక్కర్లేదు. ఆ రోజు పందిట్లో నవ్వి ఊరుకున్నది మీవారు. మళ్లీ అలాంటి సందర్భం వస్తే, ఈ ఇంట్లో ఇస్తున్న చెయ్యి ఒక్కటి కాదని, నాలుగు గాజులూ ఒక గొలుసూ తన భార్యవని, పదిమందిలో ఆయనే చెప్పాలి. అది మాత్రం మీరు ఆయన్ని సూటిగా అడగండి. డబ్బు గురించి మాట్లాడే ముందే అడగండి.